మట్టి, ఎండ, అదను: ఇంట్లో, మిద్దెపైన, పెరట్లో సేంద్రియంగా ఆకుకూరలు, కూరగాయలు

సేంద్రియంగా పండించడం అనగానే చాలామందికి ముందు గుర్తొచ్చేవి కషాయాలు, పిచికారీలు. నిజానికి అవి చివరి పని. బాగా మాగిన ఎరువు కలిసిన గుల్ల మట్టి ఉండాలి, సరిపడా ఎండ తగలాలి, విత్తనం అదనులో పడాలి. ఈ మూడూ కుదిరితే చాలా చీడపీడలు మొక్క జోలికి రావు, వచ్చినా మొక్క తట్టుకుంటుంది. ఏ ఒక్కటి తప్పినా ఎన్ని కషాయాలు కొట్టినా లాభం ఉండదు. మే నెలలో కొత్తిమీర చల్లి అది మొలవలేదని విత్తనాన్ని తిట్టుకోవడం, నీడ పడే బాల్కనీలో టమాటా పెట్టి పూత రాలేదని ఎరువు మీద ఎరువు వేయడం ఇలాంటివే. అందుకే ఈ మార్గదర్శిలో మట్టికీ అదనుకూ ఎక్కువ చోటు ఇచ్చాం.

ముందు ఎండ లెక్క

విత్తనాలు కొనకముందే మీ చోటులో ఎండ ఎంతసేపు పడుతుందో ఒక రోజంతా గంట గంటకూ చూసి రాసుకోండి. టమాటా, వంగ, మిర్చి, బెండ, తీగ పాదులకు రోజుకు కనీసం 6 గంటల నేరుటెండ కావాలి. పాలకూర, మెంతి, కొత్తిమీర, చుక్కకూరకు 3-4 గంటలు చాలు. పుదీనా, వాము ఆకు, పొన్నగంటి ఇంకా తక్కువలోనూ బతుకుతాయి, కాకపోతే ఆకు చిన్నదవుతుంది, కాడ సాగుతుంది.

మన దగ్గర శీతాకాలంలో సూర్యుడు దక్షిణానికి వాలుతాడు. దక్షిణం వైపు కిటికీలోకి నవంబరు నుంచి జనవరి దాకా ఎండ లోపలి వరకూ వస్తుంది, మే నెలలో అదే కిటికీలో గీత కూడా పడదు. కాబట్టి ఒక నెలలో చూసిన ఎండను ఏడాదంతటికీ లెక్కేసుకోకండి. ఏడాది పొడవునా నమ్మదగింది తూర్పు బాల్కనీ: పొద్దుటి ఎండ తగులుతుంది, మధ్యాహ్నపు వేడి తగలదు. పడమటి బాల్కనీలో వేసవి సాయంత్రాలు కుండీలు కాలిపోతాయి. అక్కడ మార్చి నుంచి జూన్ దాకా 50 శాతం నీడనిచ్చే షేడ్‌నెట్ తప్పదు.

మిద్దె ఎంత బరువు మోస్తుంది

మనుషులు తిరిగే ఇంటి పైకప్పుకు మన భవన ప్రమాణాల్లో పెట్టుకునే బరువు చదరపు మీటరుకు సుమారు 150 కిలోలు. అందులో మీరు, కుటుంబం, నీళ్ల బకెట్లు అన్నీ కలిసే ఉంటాయి. మొక్కలు పెంచే 12×12 అంగుళాల సంచి, అంటే గ్రోబ్యాగ్‌ను మట్టితో నింపి తడిపితే 20 కిలోల దాకా తూగుతుంది. చదరపు మీటరులో తొమ్మిది బ్యాగులు పడతాయి కదా అని సర్దేస్తే అక్కడికే 180 కిలోలు. నాలుగైదుకు మించకండి, మధ్యలో నడిచే దారి వదలండి. పెద్ద టబ్బులు, పాదుల డ్రమ్ములు కప్పు నడుమ పెట్టకుండా దూలాలు, స్తంభాలు, గోడల మీదికి వచ్చేలా పెట్టండి. ఇల్లు పాతదైతే, కప్పు ఎక్కడైనా ఉరుస్తుంటే, ముందు ఇంజినీరుకు చూపించి వాటర్‌ప్రూఫింగ్ చేయించాకే మొదలుపెట్టండి.

కుండీలు ఎప్పుడూ నేలకు ఆనకూడదు. ఇటుకల మీదో ఇనుప స్టాండు మీదో 3-4 అంగుళాల ఎత్తులో ఉంటే నీరు జారిపోతుంది, కింద ఊడ్చుకోవచ్చు, చీమలు గూడు కట్టవు. గ్రోబ్యాగులు కొనేటప్పుడు హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) రకం, 220 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు గ్రాముల్లో బరువు) లేదా అంతకన్నా మందం ఉన్నవి తీసుకోండి. పలచటివి మన ఎండకు త్వరగా పెళుసెక్కి చిరుగుతాయి.

ఏ మొక్కకు ఎంత కుండీ? ఆకుకూరలకు లోతు 6-8 అంగుళాలు చాలు, వెడల్పు ఎంతుంటే అంత మంచిది. మిర్చి, బెండకు 12×12. టమాటా, వంగకు 15×15. బీర, కాకర, దొండకు 18×18, సొర, గుమ్మడికి 24 అంగుళాలది. చిన్న కుండీలో పెట్టిన సొరపాదు తీగ బాగానే సాగుతుంది కానీ పిందెలు వేలెడంత అయ్యాక పసుపెక్కి రాలిపోతాయి. వేరు పట్టినంత మట్టి లేకపోవడమే దానికి కారణం.

మట్టి కలపడం

అసలు పని ఇక్కడే ఉంది. ఈ వారం కష్టపడితే ఏడాదంతా తేలికవుతుంది.

12×12 బ్యాగును పైన రెండంగుళాలు వదిలి నింపితే సుమారు 18 లీటర్లు పడుతుంది. దానికి కొలత:
- జల్లించిన ఎర్రమట్టి: 7 లీటర్లు
- మాగిన పశువుల ఎరువు లేదా వర్మీకంపోస్టు: 6 లీటర్లు
- కడిగిన కొబ్బరి పొట్టు (కోకోపీట్): 5 లీటర్లు
- వేపపిండి (వేపగింజల నూనె తీశాక మిగిలే చెక్క పొడి): 100 గ్రాములు, అంటే రెండు గుప్పిళ్లు
- ట్రైకోడెర్మా విరిడి (వేరుకుళ్లును ఆపే మేలు శిలీంధ్రం) పొడి: ఒక చెంచా

తెలంగాణ చల్కా నేలల ఎర్రమట్టి దీనికి చక్కగా సరిపోతుంది. కృష్ణా, గుంటూరు వైపు దొరికే నల్లరేగడి ఒక్కదాన్నే కుండీలో వేస్తే తడిసినప్పుడు బంకలా ముద్దకట్టి, ఎండితే నెర్రెలిస్తుంది. రేగడి తప్ప గతిలేకపోతే మట్టి 5 లీటర్లకు తగ్గించి ఎరువు, పొట్టు చెరో లీటరు పెంచండి. తీరప్రాంతపు ఇసుక మట్టికి ఎరువు పాలు పెంచాలి, పొట్టు పాలు కాదు.

కొబ్బరి పొట్టులో ఉప్పు ఉంటుంది. 5 కిలోల దిమ్మెను 20-25 లీటర్ల నీటిలో నానబెడితే ఉబ్బి 60 లీటర్లకు పైగా అవుతుంది. ఆ నీటిని పిండేసి మళ్లీ మంచినీటితో కడగండి. పిండినప్పుడు టీ డికాషన్ రంగు పోయి నీరు దాదాపు తేటగా వచ్చేదాకా రెండు మూడు సార్లు కడగాలి. కడగని పొట్టులో మొలిచిన నారుకు ఆకు అంచులు మాడిపోతాయి, చాలామంది అది తెగులనుకుంటారు.

పశువుల ఎరువు మాగిందో లేదో తెలుసుకోవడానికి ఒక సులువైన పరీక్ష ఉంది. గుప్పెడు తడి ఎరువును పాలిథిన్ కవరులో గట్టిగా మూటకట్టి నీడలో మూడు రోజులు ఉంచి విప్పండి. తొలకరి మట్టి వాసన వస్తే సరే, పేడ వాసనో కుళ్లు వాసనో వస్తే ఇంకో నెల ఆగాల్సిందే. మాగని ఎరువు కుండీలో వేడెక్కి వేర్లను కాలుస్తుంది. వేరుపురుగు, చెదలు కూడా దాంతోనే వస్తాయి.

అన్నీ ఒక పట్టా మీద పోసి, నీళ్లు చిలకరిస్తూ పొడిపొడిగా కలపండి. పిడికెడు తీసుకుని నొక్కితే ముద్ద కట్టాలి, వేలితో పొడిస్తే విడిపోవాలి. అదీ పదును. ముద్దే కట్టకపోతే తడి చాలలేదు, పొడిచినా విడిపోకపోతే తడి ఎక్కువైంది లేదా బంకమట్టి ఎక్కువైంది. కలిపిన మట్టిని బ్యాగుల్లో నింపి, తడి ఆరకుండా చూస్తూ 7-10 రోజులు అలాగే ఉంచాకే విత్తండి. వేపపిండి కుళ్లేటప్పుడు పుట్టే వేడి ఆ పది రోజుల్లో తగ్గిపోతుంది.

పెరటి మడి

నేల ఉన్నవాళ్లు మూడడుగుల వెడల్పుతో, 6-9 అంగుళాల ఎత్తులో మడి కట్టుకోండి. మధ్యలో ఒకటిన్నర అడుగుల దారి. వెడల్పు మూడడుగులే ఎందుకంటే రెండు వైపుల నుంచీ చెయ్యి నడుమ దాకా అందాలి, మడిలో కాలు పెట్టకూడదు. తొక్కిన మట్టి గట్టిపడి నీరు పీల్చదు. 3×10 అడుగుల మడికి 12-15 కిలోల మాగిన ఎరువు, పావు కిలో వేపపిండి లేదా కానుగపిండి వేసి పైన ఆరంగుళాల లోతు కలపండి.

గతంలో టమాటా, వంగ, బెండ మొక్కలు పీకినప్పుడు వేర్లకు బుడిపెలు కనబడితే అది నులిపురుగు. మందుతో పోయేది కాదు. మన మే ఎండను దానికి వాడుకోండి: మడిని బాగా తడిపి, పారదర్శకమైన పాలిథిన్ షీటు నేలకు ఆనేలా పరిచి, అంచులన్నీ మట్టితో కప్పి 4-6 వారాలు వదిలేయండి. నల్ల షీటు ఇంత బాగా పనిచేయదు. తర్వాతి పంటలో బంతి మొక్కలు నాటండి, ఆ మడిలో ఒక ఏడాది టమాటా, వంగ, మిర్చి పెట్టకండి. ఈ మూడూ ఒకే కుటుంబం, ఒకదాని జబ్బు ఇంకోదానికి అంటుతుంది. వాటి తర్వాత చిక్కుడు జాతి, ఆ తర్వాత ఆకుకూరలు వేసుకుంటే నేల కోలుకుంటుంది.

అదను

పెద్దవాళ్లు కార్తెలు చూసుకుని విత్తింది ఊరికే కాదు. విత్తనానికి మొలవడానికి ఒక వేడి కావాలి, పూతకు ఇంకో వేడి, కొన్నింటికి పగటి పొడవు కూడా లెక్కే.

మృగశిర కార్తె జూన్ 7, 8 తేదీల్లో వస్తుంది. తొలకరి పడగానే బెండ, గోరుచిక్కుడు, బీర, కాకర, పొట్ల, సొర, గోంగూర, తోటకూర వేసేయండి. వంగ, మిర్చి నారు కూడా జూన్, జూలైలోనే పోయాలి. పందిరి చిక్కుడును జూలై, ఆగస్టులో పెట్టండి. అది పగలు పొట్టిగా అయ్యాకే పూసే మొక్క. ఫిబ్రవరిలో పెడితే తీగ పందిరంతా అల్లుకుంటుంది గానీ నెలల తరబడి ఒక్క పువ్వూ రాదు.

టమాటా నారు ఆగస్టు చివరి నుంచి అక్టోబరు దాకా పోసుకుంటే కాపు చల్లటి నెలల్లో పడుతుంది. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రులు కూడా వేడిగా ఉంటే టమాటా పుప్పొడి పనికిరాకుండా పోతుంది, పూత పూసినట్టే పూసి రాలుతుంది. వేసవిలో పూత రాలుతోందని కంగారుపడి టానిక్కులు కొట్టకండి. దానికి చేయగలిగింది ఏమీ లేదు, పంటను ఆ వేడిలోకి పోనివ్వకుండా ముందే వేసుకోవడమే మార్గం.

అక్టోబరు, నవంబరు ఆకుకూరల పండగ. కొత్తిమీర, మెంతి, పాలకూరతో పాటు ముల్లంగి, బీట్‌రూట్, క్యారెట్, క్యాబేజీ, కాలీఫ్లవర్ అన్నీ అప్పుడే. కోస్తాలో అదే సమయంలో తుపాన్లు వస్తాయి కాబట్టి పందిళ్లను గట్టిగా కట్టండి, పొడవాటి మొక్కలకు రెండేసి కర్రలు ఇవ్వండి, కుండీల అడుగు రంధ్రాలు పూడిపోకుండా చూడండి. రెండు రోజులు నీరు నిలిస్తే మిర్చి వేరు కుళ్లిపోతుంది.

జనవరి చివర, ఫిబ్రవరిలో మళ్లీ బెండ, సొర, బీర, దోస. ఏప్రిల్, మే నెలల్లో కొత్త ప్రయోగాలు వద్దు. షేడ్‌నెట్ కింద తోటకూర, బచ్చలి, గోంగూర, గంగవాయల కూర బాగా వస్తాయి, ఉన్న వంగ మొక్కలను కాపాడుకుంటే చాలు.

విత్తడం, నారు

బెండ, చిక్కుడు, పాదులు, ముల్లంగి నేరుగా విత్తాలి. వీటి వేరు కదిలిస్తే మొక్క వెనకబడుతుంది. టమాటా, వంగ, మిర్చికి నారు పోయాలి. లోతు సంగతి తేలిక: విత్తనం మందానికి రెండింతల మట్టి దానిమీద ఉంటే చాలు. బెండ, కాకర, సొర గింజలను 8-12 గంటలు నానబెట్టండి. కాకర గింజ పెంకు మందం కాబట్టి కొన వైపు కొద్దిగా చిదిపి నానబెడితే త్వరగా మొలుస్తుంది.

ప్రోట్రేలో (గడులున్న నారు ట్రే) కొబ్బరి పొట్టు, వర్మీకంపోస్టు సమపాళ్లలో నింపి, గడికి ఒకటి రెండు గింజలు వేయండి. మొలక కనబడిన రోజే ట్రేను ఎండలోకి మార్చాలి. రెండు రోజులు ఆలస్యమైనా నారు సన్నగా సాగి ఒరిగిపోతుంది. మొదలు దగ్గర నల్లగా మెత్తబడి నారు గుంపులుగా పడిపోతుంటే అది నారుకుళ్లు. ఒత్తుగా విత్తడం, సాయంత్రాలు ఎక్కువ నీరు పోయడం దానికి కారణాలు. ట్రైకోడెర్మా ముందే కలిపి, పొద్దున్న మాత్రమే నీరిస్తే ఇది దాదాపు రాదు. 25-30 రోజులకు నాలుగైదు ఆకులొచ్చిన నారును సాయంత్రం పూట నాటండి. టమాటాను కింది ఆకులు తుంచేసి కాండం సగం దాకా పాతిపెడితే ఆ కాండమంతా వేళ్లు వేస్తుంది. వంగ, మిర్చిని మాత్రం నారుమడిలో ఉన్న లోతుకే నాటాలి.

గులాబీ రంగో నీలం రంగో పూసిన విత్తనాలు శిలీంధ్రనాశని పట్టించినవి. సేంద్రియ మడికి పూత లేని విత్తనం అడిగి తీసుకోండి, మొలకలుగా తినడానికైతే ఆ రంగు గింజలు ముట్టనే కూడదు.

ఇంటి లోపల

గదిలో పెంచేవాటికి వెలుతురే మొదటి సమస్య. మధ్యాహ్నం కుండీ మీద అడుగు ఎత్తున చెయ్యి పెట్టి నీడ చూడండి. అంచులు స్పష్టంగా కనబడితే ఆకుకూరలు వస్తాయి, మసకగా ఉంటే పుదీనా, వాము ఆకు లాంటివే, నీడే పడకపోతే దీపం పెట్టాలి. ఖరీదైన ఊదారంగు దీపాలు అవసరం లేదు. 6500 కెల్విన్ (వెలుగు రంగు కొలత, పెట్టె మీద 6500K అని ఉంటుంది) తెల్లటి 20 వాట్ల ఎల్‌ఈడీ ట్యూబును మొక్కల కొసలకు 6-10 అంగుళాల ఎత్తున వేలాడదీసి రోజుకు 12-14 గంటలు వెలిగిస్తే కొత్తిమీర, మెంతి, పాలకూర చక్కగా పెరుగుతాయి. మొక్క పెరిగేకొద్దీ దీపాన్ని పైకి జరపండి.

కొత్తిమీరకు వంటింటి ధనియాలే చాలు, కొత్తవైతే. గుంటూరు లాం పరిశోధన స్థానం నుంచి వచ్చిన సింధు, సాధన, స్వాతి రకాలు దొరికితే ఇంకా మంచిది. ధనియాలను చెప్పు అడుగుతోనో అప్పడాల కర్రతోనో నొక్కి రెండు బద్దలుగా విడగొట్టాలి, పిండి కాకూడదు. ఒక్కో బద్దలో ఒక గింజ ఉంటుంది. రాత్రంతా నానబెట్టి, అర అంగుళం లోతులో వరుసలుగా చల్లి, పైన పలచగా పొట్టు కప్పండి. మొలకకు 8-12 రోజులు పడుతుంది, ఐదో రోజునే తవ్వి చూడకండి. 35-45 రోజులకు కోత. వేరుతో పీకకుండా రెండంగుళాలు వదిలి కత్తిరిస్తే ఇంకోసారి వస్తుంది. ఆకు సన్నగా సోంపులా చీలి, నడిమి కాడ లేస్తే పూతకు వచ్చేసినట్టే. అప్పుడు ఎరువు వేసినా ఆకు రాదు, కోసేసి కొత్త మడి చల్లుకోండి. పదిహేను రోజులకొకసారి చిన్న ట్రే చల్లుకుంటూ పోతే ఇంట్లో కొత్తిమీర కొరత ఉండదు.

మెంతి రాత్రి నానబెడితే మూడు నాలుగు రోజుల్లో మొలిచి 25-30 రోజుల్లో కోతకొస్తుంది. పుదీనాకు బజారు కట్టలోంచి లావుపాటి కాడలు తీసి, కింది ఆకులు తుంచి, గ్లాసు నీటిలో పెట్టి రెండు రోజులకోసారి నీరు మార్చండి. వారం పది రోజుల్లో తెల్లటి వేళ్లు వస్తాయి. దానికి వెడల్పాటి సొంత కుండీ ఇవ్వండి, లేకపోతే పక్క మొక్కలను కమ్మేస్తుంది. మూడు నాలుగు నెలలకు కుండీ నిండా వేళ్లు గడ్డకట్టి ఆకు చిన్నదవుతుంది, అప్పుడు సగం పీకేసి కొత్త మట్టి నింపాలి.

గదిలోని కుండీల మీద చిన్న నల్ల ఈగలు ఎగురుతుంటే మట్టి ఎప్పుడూ తడిగా ఉంటోందని అర్థం. పై అంగుళం పూర్తిగా ఆరనివ్వండి, అర అంగుళం ఇసుక పరవండి, పసుపు జిగురు అట్ట పెట్టండి. కుండీ కింది పళ్లెంలో నీరు నిలవ ఉంచకండి, దోమలు గుడ్లు పెడతాయి.

కూరగాయల్లో మెలకువలు

బెండలో అర్క అనామిక రకం పల్లాకు తెగులును కొంత తట్టుకుంటుంది. ఆకు ఈనెలు పసుపెక్కి వలలా కనబడితే అదే ఆ తెగులు, తెల్లదోమ తెస్తుంది, తగ్గించే మందు లేదు. కనబడిన మొక్కను అదే రోజు పీకేయండి. పూసిన ఐదారు రోజులకే కాయ కోయాలి. రోజు విడిచి రోజు కోయకపోతే ముదిరిన కాయ మొక్క బలాన్నంతా లాగేసి కొత్త పూతను ఆపేస్తుంది.

టమాటా కాయ అడుగున నల్లటి అట్టలాంటి మచ్చ పడితే చాలామంది కోడిగుడ్డు పెంకులు పొడి చేసి వేస్తారు. పెంకు మట్టిలో కరగడానికి నెలలు పడుతుంది, ఈ కాపుకు అందదు. అసలు కారణం ఒక రోజు ఎండబెట్టి మరుసటి రోజు ముంచేయడం. నీరు ఆగి ఆగి అందితే కాల్షియం కాయ కొసకు చేరదు. రోజూ ఒకే వేళకు నీరిచ్చి, మట్టి మీద రెండంగుళాల మల్చింగ్ (ఎండుటాకులో గడ్డో పరవడం) వేస్తే తర్వాతి గెలలు బాగుంటాయి. మేడ మీద గాలి, తేనెటీగలు తక్కువైతే ఉదయం 9-10 గంటల మధ్య పూగుత్తులను వేలితో మెల్లగా తట్టండి, పుప్పొడి రాలి కాయ కడుతుంది.

వంగలో లేత కొమ్మ తల వాల్చితే లోపల పురుగు తొలుస్తోంది. వాలిన చోటికి అంగుళం కిందకు కత్తిరించి, ఆ ముక్కను చీల్చి పురుగును చంపేయండి. కుండీ పక్కన పారేస్తే అది బయటికొచ్చి మళ్లీ ఎక్కుతుంది. కాపు తగ్గాక మొక్కను అడుగు ఎత్తుకు కత్తిరించి రెండు కిలోల ఎరువు వేస్తే మరో కాపు ఇస్తుంది.

మిర్చి ఆకు ముడుచుకుంటే ముందు ఎటు ముడుచుకుందో చూడండి. అంచులు పైకి లేచి దోనెలా ఉంటే తామర పురుగు, కిందికి ముడిచి కాడ పొడవుగా సాగితే నల్లి. మొదటిదానికి నీలి జిగురు అట్టలు, వేపనూనె. రెండోదానికి ఆకు అడుగున నీళ్లు గట్టిగా కొట్టి కడగడం, ఆ తర్వాత వేపనూనె. మిర్చి మీద పసుపు అట్టలు తెల్లదోమకు, పేనుబంకకే.

పాదుల విషయంలో అందరూ అడిగే ప్రశ్న: పిందె ఎందుకు రాలుతోంది? చాలాసార్లు పరాగం అందకనే. మగపువ్వుకు సన్నటి కాడ ఉంటుంది, ఆడపువ్వు కింద చిన్న పిందె ఉంటుంది. కాకర, దోస, గుమ్మడి పూలు తెల్లవారి విచ్చుకుంటాయి, బీర, సొర, పొట్ల సాయంత్రం. పొద్దున్నే బీరపాదు దగ్గరికి వెళ్తే అప్పటికే పువ్వు వాడిపోయి ఉంటుంది. పువ్వు విచ్చుకున్న వేళకే మగపువ్వు తెంపి, రేకులు తీసేసి, దాని పుప్పొడిని ఆడపువ్వు మధ్యలో మెల్లగా రుద్దండి. సొర తీగ 8-10 ఆకులు వేశాక కొస తుంచితే పక్క తీగలు వస్తాయి, ఆడపూలు ఎక్కువగా వాటి మీదే పూస్తాయి.

కాకర, బీర పిందెలు వంకర తిరిగి, కోస్తే లోపల తెల్లపురుగులుంటే పండు ఈగ పని. మామిడి తోటల్లో పెట్టే ఎర ఈ ఈగకు పనిచేయదు, క్యూ లూర్ (మగ ఈగలను రప్పించే వాసన మందు) ఉన్న ఎరబుట్ట అడగండి. పిందె దశలోనే కాగితం సంచో పలచటి గుడ్డో తొడగడం ఇంకా ఖాయమైన పద్ధతి. రాలిన కాయలను మట్టిలో కలపకండి, కవరులో మూటకట్టి ఎండలో పడేయండి.

నీరు, పోషణ

వేలు రెండు కణుపుల దాకా మట్టిలో గుచ్చండి. తడి తగిలితే ఆ పూట నీరు వద్దు. 12 అంగుళాల బ్యాగుకు చలికాలంలో రోజుకు లీటరు, లీటరున్నర, నడి వేసవిలో రెండు పూటలా కలిపి రెండున్నర లీటర్ల దాకా పడుతుంది. బోరునీరు పోసే చోట మట్టిపైన తెల్లటి పొర కడుతుంది, అది ఉప్పు. నెలకొకసారి అడుగు నుంచి ధారగా కారేదాకా నీరు పోసి కడిగేయండి, వాన పడితే కుండీలను వానలో పెట్టండి.

ప్రతి 15-20 రోజులకు బ్యాగుకు రెండు గుప్పిళ్ల వర్మీకంపోస్టు పై మట్టిలో కలిపితే చాలా పంటలకు అదే సరిపోతుంది. పూత, కాపు మీదున్న మొక్కలకు ద్రవ జీవామృతం ఇవ్వండి. ఇంటి కొలత: 20 లీటర్ల నీటిలో కిలో తాజా ఆవుపేడ, లీటరు ఆవు మూత్రం, 200 గ్రాముల నల్లబెల్లం, 200 గ్రాముల శనగపిండి, రసాయనాలు తగలని మట్టి గుప్పెడు. ప్లాస్టిక్ డ్రమ్ములో కలిపి, గోనెపట్టా కప్పి నీడలో ఉంచి, పొద్దున సాయంత్రం కర్రతో తిప్పండి. 48 గంటలకు సిద్ధం, వారంలోగా వాడేయాలి. ఒక వంతుకు పది వంతుల నీరు కలిపి తడి మట్టిలో పోయండి. ఇందులో పచ్చిపేడ ఉంది కాబట్టి పచ్చిగా తినే కొత్తిమీర, పుదీనాకు ఇది వద్దు, వాటికి వర్మీకంపోస్టే మేలు.

వంటింటి చెత్తతో ఎరువు చేసుకునేవాళ్లు ఒక వంతు తొక్కలకు రెండు మూడు వంతుల ఎండుటాకులు వేయాలి. పక్కలా అడుగునా రంధ్రాలున్న డబ్బాలో పొరలు పొరలుగా వేసి, వారానికోసారి తిరగేస్తే రెండు నెలల్లో నల్లటి ఎరువు తయారవుతుంది. కంపు కొడితే తడి ఎక్కువైంది, ఎండుటాకులు పెంచండి. లావుపాటి గోధుమరంగు పురుగులు కనబడితే భయపడకండి, అవి చెత్తను తినేవే.

పిచికారీ చేయాల్సివస్తే

లీటరు గోరువెచ్చని నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె. ముందు నూనెను రెండు చెంచాల చిక్కటి కుంకుడు రసంలో తెల్లగా విరిగేదాకా కలిపి, ఆ తర్వాతే నీళ్లు పోయాలి. నేరుగా నీటిలో వేస్తే పైన తేలి, చివరికి మిగిలిన నూనె ఆకులను మాడుస్తుంది. ఎండ దిగాక ఆకు అడుగు భాగం తడిసేలా కొట్టండి, వారానికొకసారి చొప్పున మూడు సార్లు. మరింత బలంగా కావాలంటే 50 గ్రాముల వేపగింజల పప్పును దంచి, గుడ్డలో మూటకట్టి, లీటరు నీటిలో రాత్రంతా ఉంచి, పిండి వడగట్టి ఆ సాయంత్రమే కొట్టండి. ఎండ తగిలితే వేపలోని మందుగుణం త్వరగా పోతుంది, అందుకే పగటిపూట కొట్టింది వృథా.

పిండినల్లికి ముందు పాత టూత్‌బ్రష్‌తో రుద్ది నీటితో కడగండి, ఆ మైనపు పొర మీద ఏ మందూ నిలవదు. దాన్ని మోసుకొచ్చే చీమల దారిని కూడా ఆపాలి. బూడిద తెగులుకు బాగా పులిసిన మజ్జిగ ఒక వంతు, నీరు తొమ్మిది వంతులు కలిపి మచ్చలు మొదలైనప్పుడే కొట్టాలి.

పొగాకు కషాయం మాత్రం ఇంటి కూరగాయలకు వద్దు. నికోటిన్ మనిషికి విషం, పైగా పొగాకులోని మొజాయిక్ వైరస్ టమాటా, మిర్చికి సోకుతుంది. ప్రకృతి వ్యవసాయంలో చెప్పే అగ్నిఅస్త్రంలో పొగాకు ఉంటుంది, బిడ్డలు తిరిగే మిద్దె మీద దాని అవసరం రాదు.

చలి దేశాల్లో ఉన్నవాళ్లకు

అమెరికాలో గోంగూర, బెండ, సొర పెంచేవాళ్లకు అదను అంటే చివరి మంచు తేదీ. డాలస్ ప్రాంతంలో మార్చి మధ్య నుంచి చివరిలోపు, న్యూజెర్సీలో చాలాచోట్ల ఏప్రిల్ చివర, మే మొదట్లో మంచు భయం తీరుతుంది. దానికి 4-6 వారాల ముందు ఇంట్లో దీపం కింద విత్తి, నాటే ముందు వారం రోజులు రోజుకింత చొప్పున బయటి ఎండ అలవాటు చేయండి. నేల చల్లగా ఉండగా నాటిన బెండ, గోంగూర కదలకుండా అలాగే ఉండిపోతాయి. రాత్రులు 10 డిగ్రీల సెల్సియస్‌కు, అంటే 50 ఫారెన్‌హీట్‌కు దిగకముందే కరివేపాకును లోపలికి తేవాలి. చలికాలంలో అది ఆకు రాల్చినా చచ్చినట్టు కాదు. గోటితో కాండం గీకితే కింద పచ్చగా ఉంటే బతికే ఉంది. నీరు బాగా తగ్గించండి, ఎరువు వేయకండి, వసంతంలో చిగురిస్తుంది.

విత్తనం నిల్వ

హైబ్రిడ్ రకాల గింజ దాచినా అదే రకం రాదు, దేశవాళీ రకాల నుంచే తీసుకోండి. ముందుగా కాసిన, తెగులు లేని మొక్క మీద రెండు బెండకాయలో ఒక సొరకాయో మొక్క మీదే ఎండనివ్వండి. ఆఖరి కాపు నుంచి తీయకూడదు, అప్పటికి మొక్క నీరసించి ఉంటుంది. టమాటా గింజలను గుజ్జుతో సహా రెండు రోజులు పులియబెట్టి కడిగితే జిగురు పోతుంది. అన్నింటినీ నీడలో ఆరబెట్టాలి. గింజను పంటి కింద పెడితే నొక్కుకుపోకుండా టక్కున విరగాలి. కాగితం పొట్లంలో కట్టి, రకం పేరు, నెల, సంవత్సరం రాసి, ఎండు వేపాకుతో గాజు సీసాలో మూతపెట్టి చల్లటి చోట ఉంచండి. బెండ, టమాటా, వంగ గింజలు రెండు మూడేళ్లు మొలుస్తాయి. ఉల్లి గింజ ఏడాది దాటితే నమ్మకం లేదు. పాత గింజ వాడేముందు పదింటిని తడి గుడ్డలో చుట్టి చూడండి: ఏడుకు పైగా మొలిస్తే మామూలుగా విత్తండి, నాలుగైదే మొలిస్తే రెండింతలు చల్లండి, అంతకన్నా తక్కువైతే కంపోస్టులో వేసేయండి.